ఆ రాత్రి కట్టె నాది

ఆస్పత్రి వరండాలో మా అత్త ఒక ప్రశ్న అడిగింది. "మంట కాడ ఎవురు మేలుకోనుండింది?" అని. దానికి జవాబు తెలిసినవాణ్ణి ఆ వరండాలో నేనొక్కణ్ణే. నేను చెప్పలేదు.

ఇంతే విషయం. ఒక్క మాట. ఆ మాటను గొంతులోనే పెట్టుకుని పదిహేనేళ్ళకు పైగా తిన్నాను, తిరిగాను, ఉద్యోగం చేశాను, పిల్లల్ని పెంచాను. బరువు మోయడమంటే నెత్తిమీద మూటలాగా మోయడమని అనుకుంటారేమో. మూటయితే ఎక్కడో ఒకచోట దించి ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది చెప్పులో దిగిన తుమ్మముల్లు. నిలబడి ఉంటే తెలియదు. అడుగు వేసినప్పుడల్లా తెలుస్తుంది.

నా పేరు రాయడం లేదు. మిగతా ఇద్దరి పేర్లూ మార్చాను. పేరు దాచుకుని ఒప్పుకునేది ఏం ఒప్పుకోలు అని మీరు అనవచ్చు. నిజమే. కానీ చెప్పవలసిన మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పాను. అది చివర రాస్తాను. మీకెందుకు చెబుతున్నానంటే, మా ఊళ్ళో ఒక మనిషికి నా మూలంగా ఒక పేరు పడింది. అది అబద్ధపు పేరని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. మీరు అతణ్ణి ఎరగరు. నన్నూ ఎరగరు. అందువల్ల మీ ముందు కొంచెం ధైర్యంగా ఉంది.

తొంభైల మొదట్లో సంగతి. చిత్తూరులో నేను ఒక ఆఫీసులో గుమాస్తాను. ఖాదర్ వాళ్ళది పరుపుల అంగడి. దూది ఏకడం, పరుపులు కుట్టడం, పెళ్ళిళ్ళ కాలంలో దిండ్లు బండ్లకెత్తడం. వాడూ నేనూ హైస్కూలు నుంచి ఒక బెంచీ. మా ఇద్దరికీ ఒక పిచ్చి ఉండేది. కొండలు. సెలవు దొరికితే పీలేరు బస్సు ఎక్కేవాళ్ళం, అక్కడ మారి భాకరాపేట, నెరబైలు, ఆ తరువాత కాళ్ళు. తలకోన జలపాతం దాటి పైకి పోతే మనుషులు ఉండరు. ఎర్రచందనం చెట్లు, బండలు, పేరు తెలియని వాగులు. ఇప్పటిలాగా అడుగడుక్కీ గేట్లూ అనుమతులూ లేని రోజులు. ఒక రాత్రో రెండు రాత్రులో అక్కడే పడుకుని వచ్చేవాళ్ళం.

మాకు ఎవరూ నేర్పలేదు. చలే నేర్పింది. మొదటిసారి వాగు పక్కన నున్నటి బండ చూసి, ఆహా మంచం వేసినట్టుందే అని పడుకున్నాం. ఇద్దరికీ రెండేసి దుప్పట్లు. నడిరేయికి పళ్ళు టకటకలాడాయి. దుప్పటి పైన ఎంత కప్పుకున్నా కిందనుంచి బండ మా ఒంట్లోని వేడిని తాగేసింది. ఖాదర్ వణుకుతూనే నవ్వాడు.

"మా నాయన అంగట్లో దినామూ సెప్పేది ఇదే గదరా. పైన కప్పుకునేది సూసేవాళ్ళకి, కింద పరుసుకునేది మనకి. పరుపులమ్మేవాని కొడుకును, నాకే తెలీకపాయ!"

ఆ తరువాత మూరెడు ఎత్తు ఎండుటాకులు పరిచిగానీ పడుకోలేదు. చలి నీళ్ళలాగే పల్లానికి దిగుతుందనీ, వాగు దగ్గర కాకుండా కొంచెం ఎత్తున, వీపు వెనక బండ ఉండేలా చోటు చూసుకుంటే ఆ బండ మంట వేడిని వెనక్కి ఇస్తుందనీ తెలిసింది. రాళ్ళు కాచి గుడ్డలో చుట్టి కడుపు దగ్గర పెట్టుకోవడం తెలిసింది. వాగులోని రాయి కాచకూడదనీ తెలిసింది; ఒకసారి కాచితే దీపావళి టపాకాయలా పేలి ఖాదర్ లుంగీకి చిల్లి పడింది. పడుకునేముందు బెల్లమూ చెనిక్కాయలూ నమిలితే ఒళ్ళు లోపలినుంచి రాజుకుంటుందని తెలిసింది. ఖాదర్ ఒక రేకు డబ్బాలో మైనం పట్టించిన దూది ఉండలు పెట్టుకునేవాడు. ఎంత వాన కురిసినా ఒక్క ఉండ చాలు, మంట లేచేది.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నాను? తెలియక జరిగిందని మీరు అనుకోకూడదని. మాకు అన్నీ తెలుసు. నాకు అన్నీ తెలుసు.

ఒక్కటి మాత్రం మేము కనిపెట్టింది కాదు. మా తాతల కాలం నుంచి ఉన్నది. చెనిక్కాయలు పీకి కుప్పలు వేసిన రోజుల్లో అడవిపందులు రాకుండా చేలో మంట వేసి వంతులవారీగా కాపలా కాసేవాళ్ళు. మంట ఎగదోసే కట్టె ఎవరి చేతిలో ఉంటే వాడు కన్ను మూయకూడదు. వంతు అయిపోయినవాడు తరువాతివాణ్ణి లేపి ఊరికే పడుకోవడానికి లేదు. వాడు లేచి కూర్చోవాలి. ఒక గుక్క నీళ్ళు తాగాలి. కట్టె పట్టుకుని, "కట్టె నాది" అని నోటితో అనాలి. అన్నాకే ఇచ్చినవాడు చెయ్యి వదలాలి. నిద్రమత్తులో 'ఊ' అని మళ్ళీ ఒరిగిపోయేవాళ్ళకోసం పెట్టిన కట్టుబాటు అది. నేనే ఖాదర్‌కు చెప్పాను. వాడికి తెగ నచ్చింది. "పత్రం రాసిచ్చినట్టుండాదిరా!" అన్నాడు. కొండల్లో మేము దాన్ని ఎప్పుడూ తప్పలేదు. గడియారం చూసుకోం. కట్టెలను వంతుకొక కుప్పగా వేసుకుంటాం. కుప్ప అయిపోతే వంతు అయిపోయినట్టు.

మునిరత్నం మా మేనమామ కొడుకు. నాకన్నా ఆరేళ్ళు చిన్న. కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం తెల్లారక ముందే లేచి పరుగెత్తేవాడు. కాళ్ళు చూస్తే జింక కాళ్ళు. "బావా, నన్నూ తీసుకపో" అని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు. ఆ మార్గశిరంలో సరే అన్నాను. బయలుదేరేటప్పుడు అత్త గడప దాటి వచ్చింది.

"నా బిడ్డకు సలి పడదు నాయనా. బద్రంగా తోడుకొని రా."

నేను మాట్లాడే లోపలే ఖాదర్ అన్నాడు. "నేనుండాను గదత్తా. పరుపు మీద పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి తెస్తా."

ఆ మాట తరువాత వాడి మెడకే చుట్టుకుంది.

ఆ రోజు పైకి ఎక్కేసరికి మబ్బు పట్టింది. సాయంత్రానికి సన్న తుంపర. తడిసినవాళ్ళం, గబగబా ఒక పెద్ద బండరాతి గుండు కింద చేరాం. ముందుకు పొడుచుకొచ్చిన గుండు, కింద పొడి నేల. ఆకులు పరిచాం. మంట వేశాం. మూడు కుప్పల కట్టెలు, తడవకుండా గుండు మొదట్లో పెట్టాం. లోపలి వైపు, బండకు ఆనుకుని ఉన్న చోటు వెచ్చన. అది మునిరత్నానికి ఇవ్వాలి. కొత్తవాడు, చలి పడనివాడు. నేను ముందే అక్కడ దుప్పటి పరిచేశాను. "పర్లేదు బావా, ఈడ బాగుండాది నాకు, మంట దగ్గర" అన్నాడు వాడు, అంచున పడుకుంటూ. నేను సరేనన్నాను. చూడండి, అసలు తప్పుకు ముందే ఒక చిన్న తప్పు ఉంది. పెద్దవాటికి ముందు ఎప్పుడూ ఒక చిన్నది ఉంటుంది. అప్పుడది తప్పులా కనిపించదు.

మొదటి వంతు మునిరత్నం. రెండోది ఖాదర్. చివరిది నాది.

ఖాదర్ నన్ను లేపాడు. నాకు బాగా గుర్తుంది. లేచి కూర్చున్నాను. వాడు చెంబు అందించాడు. ఒక గుక్క తాగాను. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో ఇప్పటికీ పళ్ళకు గుర్తే. కట్టె పట్టుకున్నాను. "కట్టె నాది" అన్నాను. వాడు చెయ్యి వదిలి, నా పక్కనే ఆకుల్లో ఒరిగాడు. ఒరిగీ ఒరగకముందే గురక.

మంట తగ్గుతోంది. నా కుప్పలోంచి రెండు మొద్దులు తీసి వేయాలి. లేచి నాలుగడుగులు వేయాలి. దుప్పటి వెచ్చగా ఉంది. కాసేపాగి వేద్దాం అనుకున్నాను. బండకు వీపు ఆనించాను.

కళ్ళు తెరిచేసరికి మంట లేదు. బూడిద మీద తుంపర పడి వాసన వస్తోంది. గాలి తిరిగింది. జల్లు గుండు కిందికి కొడుతోంది. అంచున మునిరత్నం దుప్పటి ముద్దగా ఉంది. ఇంకా తెల్లారలేదు, కానీ ఆకారాలు కనిపిస్తున్నాయి. వాడు వణకడం లేదు. అది మంచిది కాదని నాకు తెలుసు. వణికే మనిషికి ఫరవాలేదు. వణుకు ఆగిపోయినవాడికే ప్రమాదం.

ఇప్పుడు నేను రాయబోయేది ఖాదర్‌కు చెప్పేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ క్షణాన నేను ముందు ముట్టుకోవలసింది మునిరత్నాన్ని. నేను ముందు ముట్టుకున్నది కట్టెను.

కట్టె తీసి ఖాదర్ చేతిలో పెట్టాను. వాడు కుడిచెయ్యి ఆకుల మీద వాల్చి పడుకున్నాడు, వేళ్ళు ముడుచుకుని. ఆ వేళ్ళు విప్పి, కట్టె ఉంచి, మళ్ళీ మూశాను. నిద్రమత్తులో చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిద్రమత్తులో ఉన్నవాడు ఎదుటివాడు మేలుకోకుండా వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతాడా? విప్పడు. నేను పూర్తిగా మేలుకునే ఉన్నాను. నా జన్మలో అంత మెలకువగా ఎప్పుడూ లేను. మంట దగ్గర ఆ మెలకువలో పావు వంతు ఉన్నా ఈ కథ లేదు.

ఎందుకు చేశాను? అత్త గడప దగ్గర నిలబడి అన్న మాట చెవిలో మోగింది. అంతేనా? వాడు చచ్చిపోతాడేమో అని భయపడ్డాను. చచ్చిపోతే అది నా పేరున ఉండకూడదనుకున్నాను. బతికించడం గురించి ఆ తరువాతే ఆలోచించాను. ఇలాంటి మనిషినని నాకు అంతకు ముందు తెలియదు.

అప్పుడు కేక పెట్టాను. ఖాదర్ ఉలిక్కిపడి లేచాడు. వాడు లేవడం నేను ఇప్పటికీ చూస్తుంటాను. ముందు మునిరత్నాన్ని చూశాడు. తరువాత చల్లారిన బూడిదను. తరువాత తన చేతిని.

ఆ తరువాత చేసిందంతా వాడే. తడి బట్టలు విప్పి పారేశాడు. డబ్బాలోంచి దూది ఉండ తీసి, నా కుప్పలోని పొడి కట్టెలతో మంట లేపాడు. మునిరత్నాన్ని మా ఇద్దరి మధ్య పడుకోబెట్టి, ఒంటికి ఒళ్ళు ఆనించి, మీద దుప్పట్లు, గోనెసంచి నిండా ఎండుటాకులు. చేతులూ కాళ్ళూ రుద్దబోతే నన్ను తిట్టాడు. "రుద్దొద్దురా, ముందు గుండెకాయకు కాక తగలనీ!" కొంచెంసేపటికి మునిరత్నం మళ్ళీ వణకడం మొదలుపెట్టాడు. ఖాదర్ ఏడ్చాడు. ఏడుస్తూనే బెల్లం నీళ్ళు కాచాడు. అప్పుడు అడిగాడు నన్ను, మునిరత్నం తల మీదుగా, గొంతు తగ్గించి.

"రేయ్. నీకిచ్చినాను గదరా కట్టె?"

"లేదే."

"లేసి కూసుంటివి. నీళ్ళు తాగితివి. కట్టె నాది అంటివి. అట్ల గ్యాపకం ఉండాదిరా నాకు."

"కల కనింటావులే ఖాదర్. కట్టె నీ సేతిలోనే గదా ఉండింది."

వాడు గుండు మొదట్లో ఉన్న కట్టెల వైపు తిరిగాడు.

"నా కుప్ప అయిపోయిందే? నీదే గదా మిగిలింది?"

"గాలికి తొందరగా కాలిపోయింటుంది."

"కల గూడా అంత బాగా వస్తాదా?" అన్నాడు. నన్ను కాదు అడిగింది. తనను తానే అడుక్కున్నాడు. తరువాత ఇంకేమీ అడగలేదు. నేను చెప్పింది నమ్మాడు. తన కళ్ళతో చూసిందాన్నీ, చెవులతో విన్నదాన్నీ పక్కన పెట్టి నన్ను నమ్మాడు. హైస్కూలు నుంచి ఒక బెంచీ కదా.

దుప్పటిని ఉయ్యాలలా కట్టి మునిరత్నాన్ని కిందికి మోశాం. ఒక జీపు దొరికింది. తిరుపతి ఆస్పత్రిలో చేర్చాం. రెండో రోజుకు రొమ్ములో నెమ్ము చేరిందన్నారు. అత్త వచ్చింది. వరండాలో నిలబడి ఆ ప్రశ్న అడిగింది.

నేను నేల చూశాను. ఖాదర్ ముందుకు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నేనే అత్తా. కట్టె నా సేతిలోనే ఉండింది. నిద్దరపోయినాను."

"నీకు అప్పజెప్పి పంపితినే సాయిబూ," అంది అత్త. "పరుపు మీద పడుకోబెట్టి తెస్తానంటివే. పడుకునేది నువ్వా?"

పక్కన ఉన్న మా బంధువులు ఇంకా మాట్లాడారు. వాడి మతం ఎత్తి కూడా మాట్లాడారు. అవి రాయను. వాళ్ళు అంటుంటే నేను అక్కడే ఉన్నాననేది మాత్రం రాస్తాను. ఆ క్షణాన "కాదు, నేను" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక గుక్క నీళ్ళు తాగినంతసేపు. ఆ తరువాత రోజు అయితే కొంచెం ఎక్కువ. నెల తరువాత ఇంకా ఎక్కువ. అబద్ధం పాతబడే కొద్దీ నిజం చెప్పడానికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాలి. నాకు మొదటి రోజు కావలసిన ఆ కొంచెం ధైర్యమే లేకపోయింది.

మునిరత్నం బతికాడు. కానీ ఊపిరి మునుపటిలా లేదు. పరుగెత్తితే వంద గజాలకు కూర్చుండిపోయేవాడు. పోలీసు ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గేటు దగ్గర పనికి చేరాడు. ఒక మాట చెప్పాలి. వాడు ఎప్పుడూ ఖాదర్‌ను ఏమీ అనలేదు. "నన్ను బతికించింది ఖాదరన్నే" అనేవాడు. ఊరు మాత్రం ఊరుకోలేదు. 'నిద్దర ఖాదర్' అని పేరు పెట్టింది. టీ అంగడి దగ్గర ఎవడో ఒకడు అనేవాడు.

"పరుపులు అమ్మేవానికి నిద్దర జాస్తి ఉండకుండా ఉంటాదా అప్పా!"

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ అక్కడ టీ తాగుతూ ఉండేవాణ్ణి. నవ్వానో లేదో సరిగా గుర్తులేదు అని రాయబోయాను. గుర్తుంది. నవ్వాను.

ఖాదర్ మళ్ళీ కొండకు రాలేదు. ఆ రేకు డబ్బా తెచ్చి నాకిచ్చాడు. "నీ దగ్గర పెట్టుకో. నీ సేతిలో బద్రంగా ఉంటాది" అన్నాడు. నేను తీసుకున్నాను. ఇంటికి పోయి బీరువా పైన, పాత క్యాలెండర్ల వెనక పెట్టాను. నేనూ కొండకు పోవడం మానేశాను. సెలవు దొరకడం లేదని చెప్పుకున్నాను.

పేరు పడితే పడింది, ఊరు నాలుగు రోజులు నవ్వి మరిచిపోతుందిలే అని నన్ను నేను సముదాయించుకున్నాను. ఊరు నిజంగానే మరిచిపోసాగింది. ఖాదర్ మరవలేదు. వాడిలో ఏం విరిగిందో నాకు తెలియడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

వాళ్ళ నాయన మంచాన పడ్డాడు. చివరి రోజులని తెలుస్తూనే ఉంది. ఆస్పత్రిలో రాత్రిపూట ఒకరు పక్కన కూర్చుని గొంతులో కఫం చేరకుండా చూసుకోవాలి. తమ్ముడు బెంగుళూరు నుంచి ఇంకా రాలేదు. ఖాదర్ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఈ పొద్దు నువ్వు కూసోరా మా నాయన కాడ. నేను కూసుంటే ఆయన పొయ్యేదే నాకు తెలీదు. నన్ను నేను నమ్మలేనప్పా."

చెప్పవలసింది అక్కడ. ఆ వాకిట్లో. వాడు కొడుకు. వాడి స్థానం అది. నేను "సరేలే, నేను పోతాను" అన్నాను. ఏదో మేలు చేస్తున్నవాడిలాగా భుజం కూడా తట్టాను.

ఆ రాత్రంతా మేలుకున్నాను. ఇది నిజం. ఒక్క రెప్ప వేయలేదు. తెల్లవారుజామున ముసలాయన కళ్ళు తెరిచి, "ఖాదర్ యాడ?" అన్నాడు. బయట ఉన్నాడని చెప్పాను. అది కూడా అబద్ధమే. ఆయన కొంచెంసేపు ఊపిరి కూడదీసుకుని అన్నాడు. "నిద్దరపోతానని బయమంట వానికి. వానిది కోడినిద్దరప్పా. పసిబిడ్డప్పుడు గూడా తలుపు తీస్తే లేసేవాడు. ఆ పొద్దు ఎట్ల నిద్దరపోయినాడో నాకు ఇప్పటికీ నమ్మకం లేదు." నన్ను చూస్తూ అన్నాడు. అనుమానంతో చూశాడా, ఊరికే చూశాడా? ఇప్పటికీ తేల్చుకోలేను. అదే ఆయన ఆఖరి మాట. కొడుక్కు చేరవలసిన మాట. దాన్ని కూడా నేనే మింగాను. అది చెబితే మిగతాది కూడా చెప్పవలసి వస్తుందని.

ఖాదర్ పరుగెత్తుకుంటూ వచ్చి, నా చేతులు పట్టుకుని, "నువ్వన్నా ఉండావు" అని ఏడ్చాడు.

ఆ తరువాత ఎన్నో ఏళ్ళు గడిచాయి. మేము స్నేహితులుగానే ఉన్నాం. ఇదే అన్నిటికన్నా చెడ్డది. దూరమై ఉంటే బాగుండేది. వాడి కూతురి నిఖా కుదిరింది. ముందురోజు పొద్దున అంగడి వెనక ఖాళీ జాగాలో వంటపొయ్యిలు తవ్వుతున్నారు. పెద్ద పెద్ద డేగిసాలు. మసాలా వాసన. రాత్రి మంటలు చూసుకునేది ఎవరని మాట వచ్చింది. మగపెళ్ళివాళ్ళ తరపు పెద్దాయన, "పెండ్లికూతురి నాయన ఉండాడు గదా, ఆయన కూసుంటాడు" అన్నాడు. ఖాదర్ రెండు చేతులూ పైకెత్తాడు.

"మంట కాడ నన్ను పెట్టొద్దండప్పా! నేను నిద్దర ఖాదర్‌ను గదా. బిర్యానీ బొగ్గవుతుంది."

నవ్వులాటకే అన్నాడు. కొత్త చుట్టాలు ఆ పేరేమిటని అడిగారు. వాడే చెప్పాడు. మొత్తం కథ. కొండ, వాన, మునిరత్నం, కట్టె. నవ్వు వచ్చేలా చెప్పాడు, ఎవరో ఒక వెర్రివాడి గురించి చెబుతున్నట్టు. ఊరు మరిచిపోయిన పేరును తనే మోసుకొచ్చి కూతురి అత్తవారి ముందు పెట్టాడు, రేపు ఇంకెవరో పెట్టకముందే. చెబుతూ నావైపు తిరిగి, "వీడు సాచ్చి" అన్నాడు.

నేను తల ఊపాను.

ఆ తల ఊపడంతో నాలో ఏదో తెగింది. లేక తెగడానికి ఇంకేమీ మిగల్లేదో. పెళ్ళి అయ్యేదాకా ఆగాను. ఆగింది వాళ్ళ సంతోషం చెడకూడదనా, ఇంకొన్నాళ్ళు తప్పించుకోవచ్చనా? రెండూ ఉండి ఉంటాయి.

ఒక మధ్యాహ్నం బీరువా పైనుంచి రేకు డబ్బా తీసుకుని అంగడికి పోయాను. అత్తకూ మునిరత్నానికీ ఆ మరునాడు చెప్పాను. మునిరత్నం చాలాసేపు గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. అత్త లోపలికి పోయి తలుపు వేసుకుంది. టీ అంగడి దగ్గర కూడా చెప్పాను. అక్కడ ఎవరూ నవ్వలేదు. అవన్నీ తరువాత జరిగాయి. ముందు జరిగిందాన్ని చివరికి ఉంచుకున్నాను, ఇంతదాకా రాసిందంతా దానికోసమే కాబట్టి.

ఖాదర్ పరుపు కుడుతున్నాడు. దూది ధూళి ఎండలో తేలుతోంది. నేను డబ్బా వాడి ముందు పెట్టాను. "ఏందిరా ఇది, ఇంకా పెట్టుకోనుండావా!" అని నవ్వాడు.

"ఆ పొద్దు కట్టె నాది ఖాదర్," అన్నాను.

నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, మరిచిపోయిన దీపంలా. మిగతాదంతా చెప్పాను. వేళ్ళు విప్పింది కూడా చెప్పాను. వాడు దబ్బనం పరుపులోనే వదిలి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు లేసి కూసుంటివి," అన్నాడు.

"కూసుంటిని."

"నీళ్ళు తాగితివి."

"తాగితిని."

"కట్టె నాది అంటివి."

"అంటిని ఖాదర్."

"నేను కల కనలా."

"లేదు."

పోగొట్టుకున్న వస్తువులను ఒక్కొక్కటిగా తీసుకుని చూసుకున్నట్టు అడిగాడు. తిడతాడనుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా. బయట ఎవరో దిండు ధర అడిగారు. వాడు చెప్పలేదు. వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పుడు తలెత్తి, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగాడు.

"మా నాయన పొయ్యేటప్పుడు నువ్వు మేలుకోనుంటివా?"

"మేలుకొనే ఉంటిని. ఒట్టు."

"ఎట్ల నమ్మేది?"

వాళ్ళ నాయన చివరి మాట చెప్పాను. కోడినిద్ర మాట. పసిబిడ్డప్పుడు తలుపు చప్పుడుకు లేచేవాడివన్న మాట. వింటూ వాడు కళ్ళు మూసుకున్నాడు. తెరిచినప్పుడు అవి తడిగా ఉన్నాయి, కానీ నావైపు లేవు.

"ఇది నిజమో, నా మనసు సల్లబడాలని ఇప్పుడు అల్లినావో. నాకు తెలిసే దోవ లేకుండా సేసినావు గదరా."

దబ్బనం మళ్ళీ చేతికి తీసుకున్నాడు. దారం బిగించాడు. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. రేకు డబ్బా మా మధ్య అలాగే ఉంది. నేను లేచి, ఒకప్పుడు మా అత్త ముందు వాడు కూర్చున్నట్టే, వాడి కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"నన్ను నమ్మొద్దు ఖాదర్. నిన్ను నువ్వు నమ్ముకో, సాలు. ఆ పొద్దు నిద్దరపోయింది నేను. అది నీమీద వేసింది నేను. నిన్ను మీ నాయన కాడ లేకుండా సేసింది నేను. నన్ను క్షమించు."